పదివేల ఒకటో ర్యాంకు

తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులు ప్రొఫెసర్ వి. బాలకిష్టారెడ్డి గారికి,

శామీర్‌పేట నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవారు కనుక హైదరాబాద్ ఉత్తర శివారు మీకు కొత్త కాదు. పొద్దున పూట సుచిత్ర చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే కాలేజీ బస్సులు వరసకడతాయి: మైసమ్మగూడకు ఒకటి, కండ్లకోయకు ఒకటి, దుండిగల్‌కు మరొకటి. ఇన్ని కాలేజీల మధ్య ఉంటూ కూడా, సీటు ఏ లెక్కన వస్తుందో తెలిసిన ఇళ్లు ఇక్కడ తక్కువే.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో ఇక్కడి ఇంటర్నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. కూతురు కుర్చీలో కూర్చుంటుంది. జీడిమెట్లలో షిఫ్టు దిగి వచ్చిన తండ్రి టిఫిన్ డబ్బాతో వెనకాల నిలబడతాడు. ఆమె చేతిలో ఎవరో వాట్సాప్‌లో పంపిన కాలేజీల జాబితా. ‘‘పెద్ద కాలేజీ పైన పెడితే వచ్చేది గూడ పోతదంట గదా తమ్మీ?’’ అని తండ్రి అడుగుతాడు. సెంటర్ కుర్రాడికీ తెలియదు.

పోదు. కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కొక్కరి జాబితాను పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, వారికి సీటు మిగిలి ఉన్న మొదటి చోట ఆగుతుంది. రాని కాలేజీని పైన రాస్తే నష్టం లేదు. అంతగా ఇష్టం లేనిదాన్ని పైన రాస్తేనే నష్టం. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే రద్దవుతుంది. ఇది చాలామందికి పాత సీటు పోయాకే తెలుస్తుంది. 2025లో మాక్ కేటాయింపు పెట్టి మంచి పని చేశారు. కాకపోతే మాక్‌లో వచ్చిన సీటే ఖాయమనుకుని ఇంట్లో స్వీట్లు పంచినవాళ్లూ ఉంటారు!

అసలు దెబ్బ ఫీజు దగ్గర తగులుతుంది. ఇద్దరు బీసీ పిల్లలు ప్రైవేటు జూనియర్ కాలేజీలో పక్కపక్క బెంచీల్లో చదివారనుకుందాం. రెండిళ్ల ఆదాయమూ పట్టణాల పరిమితి అయిన 2 లక్షల లోపే. ఒకరి ర్యాంకు 10,000, మరొకరిది 10,001. ఇద్దరికీ లక్ష రూపాయల ఫీజున్న ఒకే కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చింది. మొదటివారికి మొత్తం ఫీజు రీయింబర్స్‌మెంట్. రెండోవారికి 35,000 మాత్రమే. మిగిలిన 65,000 ఏటా ఇంటివాళ్లే కట్టుకోవాలి, నాలుగేళ్లకు 2,60,000. ఈ పదివేల ర్యాంకు గీతను చెరపడం మండలి చేతిలో లేదు, అది ప్రభుత్వ నిర్ణయం. కానీ ఆప్షన్ పెట్టేటప్పుడే ‘‘ఈ కాలేజీలో మీరు ఏటా కట్టాల్సింది ఇంత’’ అని తెరమీద చూపించడానికి జీవో అక్కర్లేదు. ర్యాంకు, కులం, ఆదాయం వివరాలన్నీ ధ్రువపత్రాల పరిశీలనలో మీ దగ్గరికి వచ్చినవే.

బ్రాంచి సంగతీ అంతే. 2024-25 నుంచి ఏఐసీటీఈ సీట్ల పరిమితి ఎత్తేశాక కంప్యూటర్ సైన్స్, దాని పిల్ల కోర్సులు విచ్చలవిడిగా పెరిగాయి. సివిల్, మెకానికల్ అంటే మొహం చిట్లించే రోజులొచ్చాయి. జీడిమెట్లలో లేత్ మిషన్ల చప్పుడు ఇంకా ఆగనేలేదు మరి. కాలేజీ గేటు మీద న్యాక్ గ్రేడు పెద్దక్షరాల్లో ఉంటుంది. అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇచ్చేది. పిల్ల చేరబోయే బ్రాంచికి అది ఉందో లేదో గేటు చెప్పదు.

ఈ చీకట్లోనే ఏజెంట్లు బతుకుతున్నారు. పరీక్ష రాయకముందే ‘‘సీటు బుక్ చేసుకోండి, తర్వాత దొరకదు’’ అంటారు. మేనేజ్‌మెంట్ కోటా 30 శాతమే, దానికీ మెరిట్ వరస ఉందని, డొనేషన్లను 1983 నాటి చట్టమే నిషేధించిందని వాళ్లు చెప్పరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదన్న యూజీసీ 2018 నోటిఫికేషన్ గురించి అసలే చెప్పరు.

అందుకే విన్నపం ఒక్కటే. గత ఏడాది చివరి ర్యాంకుల పట్టికను మీరు ఎలాగూ ఇస్తున్నారు. వచ్చే కౌన్సెలింగ్‌లో ప్రతి ఆప్షన్ పక్కనే, తెలుగులో, మూడు గడులు పెట్టించండి: కిందటేడు చివరి ర్యాంకు, ఇంటివాళ్లు ఏటా కట్టాల్సిన సొమ్ము, ఆ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా లేదా. ఇంటర్నెట్ సెంటర్లో వెనకాల నిలబడ్డ తండ్రి తానే చదువుకుంటాడు.

ఇట్లు,
సుచిత్ర నుంచి