గృహయంత్ర వైద్యము: పొగ చిమ్ము గడ్డికోత యంత్రము



అమెరికాలో కాపురముండు మన తెలుగు సోదరి యొకరు ఈ శీర్షికకు జాబు వ్రాసియున్నారు. వారి యింటి ముంగిటి పచ్చికను గోయు పెట్రోలు యంత్రము కొంతకాలముగా పొగ చిమ్ముచున్నదఁట. పోసిన నూనె పోసినట్లే తఱిగిపోవుచున్నదఁట. మరమ్మతుచేయువాఁడు చూచి, "ఇంజను పోయినది, క్రొత్తది కొనుఁడు" అనెనఁట. కొనుటకిపుడు వారిచేత ధనము లేదు. కోయక విడుతమన్నచో, మితిమీఱి పెరిగిన గడ్డికి గృహస్థులపై జుల్మానా విధించు పట్టణము లచ్చట పెక్కు కలవు. "పాఱవేయుటకు ముందు పరీక్షింపఁదగిన దేమైనను గలదా?" యని వారి ప్రశ్న. తప్పక కలదు.

కొండపై పొగను జూచి నిప్పు నూహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. ఇంజనులో నిప్పున్నదని మన మెఱుఁగుదుము. ఊహింపవలసినది, అచ్చట కాలుచున్న దేమి యనునది. పొగ నల్లనైనచో పెట్రోలు హెచ్చై గాలి చాలలేదన్నమాట. గాలివడపోత దుమ్ముతో మూసికొనిపోయి యుండవచ్చును. నీలిచాయ గల తెల్లని పొగ, మాడిన నూనె వాసనతో వచ్చినచో, కాలుచున్నది నూనెయే. స్పార్క్ ప్లగ్గును విప్పి చూచినను సాక్ష్యము దొరకును. పొడిమసి పెట్రోలును, తడిగా జిడ్డుగా నున్న నలుపు నూనెను దెలుపును.

ఇట్టి యంత్రములలో హెచ్చుభాగము నాలుగు స్ట్రోకుల యింజనులు. క్రింది తొట్టిలో నూనె యుండును; పైని సిలిండరులో పిస్టను క్రిందికి మీఁదికి నాడుచుండును. పిస్టను చుట్టునున్న రింగులు నిప్పును పైనను, నూనెను క్రిందను నిలుపును. ఈ కట్టు దాఁటి నూనె పైకెక్కినప్పుడే పొగ. నూనెను పెట్రోలులోనే కలిపి పోయు రెండు స్ట్రోకుల యంత్రములకు కొంత పొగ సహజము. వాని కీమాటలు వర్తింపవు.

చేయి పెట్టుటకు ముందు యంత్రము నాపి, చల్లాఱనిచ్చి, స్పార్క్ ప్లగ్గు తీగను ఊడదీసి దూరముగా నుంచవలెను. లేనిచో కత్తిని చేతితో త్రిప్పినను ఇంజను రాఁజుకొనవచ్చును. నడిపి చూచునపుడు ఆరుబయట నడుపుఁడు. మూసిన కొట్టములో వలదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసనలేని విషము.

మొదటి పరీక్ష నూనె మట్టము. సమతలముపై నిలిపి, కొలపుల్లను తుడిచి, మరల ముంచి చూడుఁడు. పెక్కు చేతియంత్రములకు పట్టు నూనె అరలీటరో, కొంచెము హెచ్చో. గురుతు మీఱిన కొద్దిపాటి నూనెయు పొగ కాఁగలదు. హెచ్చును తీసివేయుటే చికిత్స. పోయకయే మట్టము పెరిగి, నూనె పలుచనై పెట్రోలు వాసన కొట్టినచో, కార్బురేటరులోని సూది సరిగా మూసికొనక పెట్రోలు తొట్టిలోనికి కాఱుచున్నదని గ్రహింపుఁడు. సూదిని బాగుచేయించి, నూనె నంతయు మార్చువఱకు యంత్రమును నడుపరాదు.

రెండవది, యంత్రమును వంచు తీరు. కత్తిని కడుగుటకై గాలివడపోత క్రిందగునట్లు వంచినచో నూనె సిలిండరులోనికిని, వడపోతలోనికిని పాఱును. వడపోత ఎల్లప్పుడు పైవైపున నుండవలెను. ఇట్లు చేరిన నూనె కొన్ని నిమిషములు నడిపినంతనే కాలిపోవును. తడిసిన కాగితపు వడపోతను మాత్రము మార్చవలెను. నిటారైన వాలుపై కోసినను ఇదే బాధ.

మూడవది, నూనె జాతి. ఎండకాలమున ఎస్.ఏ.ఇ. 30 నూనె పెక్కు యంత్రములకు తగును. 10డబ్ల్యు-30 నూనె 27 డిగ్రీల సెంటిగ్రేడు మీఱిన వేఁడిలో హెచ్చుగా ఖర్చు కావచ్చును. యంత్రముతో వచ్చిన పుస్తకము చెప్పినదే ప్రమాణము. సుమారు 50 గంటల పనికో, ఏఁటి కొకమాఱో నూనెను మార్చుచుండవలెను.

నాలుగవది బ్రీదరు. తొట్టిలోని యొత్తిడిని బయటికి విడుచు చిన్న కవాట మిది. ఇది చెడినచో ఒత్తిడి పెరిగి నూనెను గాలిదారిలోనికి నెట్టును. వెల స్వల్పము, ఫలము గొప్పది. దీనిని చూడక ఇంజనుకు మరణశాసనము వ్రాయుట ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టినట్లగును.

ఇవి యన్నియు సరిగానున్నను పొగ ఆఁగనిచో, హెడ్డు గ్యాస్కెట్టో, వాల్వులో, రింగులో చెడినవనుకొనవలెను. అప్పుడు ప్లగ్గు రంధ్రముగుండ గాలి నెక్కించి పరీక్షింపవలెను. నూనె పోయు మూఁతకడ గాలి బుసకొట్టినచో రింగులో సిలిండరో అఱిగినవి. సైలెన్సరుకడ వినవచ్చినచో పొగ పోవు వాల్వు, కార్బురేటరుకడ వినవచ్చినచో గాలి వచ్చు వాల్వు సరిగా మూయుట లేదు. రింగులు మాత్రమే పోయినచో మార్చు కూలిని క్రొత్తయంత్రపు వెలతో పోల్చి చూడుఁడు. సిలిండరు గోడ గీఁతలు పడియున్నచో మరమ్మతువాని మాటయే నిజము.

కావున, సోదరీ, అతనిని రెండు ప్రశ్న లడుగుఁడు: "బ్రీదరును చూచితివా? గాలిపరీక్ష చేసితివా?" లేదన్నచో ధనము వెచ్చింపకుఁడు; మొదటి మూఁడు పరీక్షలు మీరే చేసికొనుఁడు. అంతవఱకు కోఁతకు పూనినప్పుడెల్ల నూనె మట్టము చూచి తక్కువైనది పోయుఁడు. కొద్దిపాటి పొగతో ఇంజను కొన్నాళ్లు బ్రతుకును. నూనె యెండినచో నిమిషములలో బిగిసిపోవును. తీసిన పాత నూనెను కాలువలో పోయక డబ్బాలో పట్టియుంచుఁడు. మీ దేశమున మోటారు సామానుల యంగళ్లు పెక్కు దానిని గైకొనును.

మనదేశమున ఇంటి జనరేటరు గల సోదరీమణులును ఈ క్రమమునే పాటింపవచ్చును. యంత్రము వేఱైనను, నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజనుకు రోగలక్షణము లివియే.