నాలుగు మేకల పైసలు



మొన్నటి వానలకు మన జహీరాబాద్ దగ్గరి ఒక పల్లెలో వాగు పొంగి పదకొండు మేకలు కొట్టుకుపోయాయి. నాలుగు కంపచెట్లకు తట్టుకొని దొరికాయి. ఏడింటి జాడ లేదు. పశువుల డాక్టరు వచ్చి దొరికినవాటినే రాసుకున్నాడు, పంచనామా అయింది, తర్వాత నాలుగు మేకల పైసలు యజమాని ఖాతాలో పడ్డాయి.

వాటిని రెండేళ్లుగా మేపింది మాత్రం మన సంఘంలోని ఒక విధవరాలు. పాలుకు తీసుకుంది. తల్లిమేకలు ఆయనవి, పుట్టిన పిల్లల్లో సగం ఆమెవి. దొరికిన నాలుగింటిలో రెండు నిరుడు ఆమె పాకలో పుట్టి ఎదిగినవి.

"అయ్యగారూ, అందులో ఒకటి నాది కాదా?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

విపత్తు సాయానికి కేంద్రం పెట్టిన 2022-26 నియమాల ప్రకారం పాడి గేదెకు, ఆవుకు 37,500 రూపాయలు, మేకకు, గొర్రెకు 4,000. ఒక ఇంటికి పెద్దవైతే 3, చిన్నవైతే 30 వరకే. 2024 సెప్టెంబరు వరదలప్పుడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు పశువులకు 30,000 నుంచి 50,000కు, మేకలకు, గొర్రెలకు 3,000 నుంచి 5,000కు పెంచుతామన్నారు. ఆ ధరకు మన సంతలో ఎదిగిన మేక రాదని మేపేవాళ్లకు తెలుసు. అయినా ఇచ్చినదానికి వందనాలే. నా బాధ వేరు. "ఇంటికి ఇన్ని" అంటున్నారు కదా, ఎవరి ఇంటికి? మేకలు రాత్రి పడుకునే ఇంటికా, కాగితం మీద పేరున్న ఇంటికా?

నిర్గమకాండము 22:10-13 మళ్లీ చదవండి. ఒకడు తన పశువును పొరుగువానికి కాయడానికి అప్పగిస్తే, ఎవరూ చూడకుండా అది చచ్చినా పోయినా ఏం చేయాలో మోషే ధర్మశాస్త్రం చెప్పింది. మృగం చీల్చితే మిగిలింది సాక్ష్యంగా తేవాలి. ఏమీ మిగలకపోతే దేవుని ఎదుట ప్రమాణం చాలు, యజమాని దాన్ని ఒప్పుకోవాలి. కాసేవాని కష్టం అక్కడ లెక్కలో ఉంది. లాబాను మందలో ఆ లెక్క లేదు, అందుకే పోయినవాటి నష్టమంతా యాకోబు మీదే పడింది (ఆదికాండము 31:39).

కాబట్టి నేననేది ఇది. పంచనామా రాసేటప్పుడు యజమాని పేరు పక్కన మేపేవారి పేరు కూడా రాయాలని మనం అడగాలి. వాగు తీసుకుపోయిన ఏడింటికి ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్తే వినమని అడగాలి. (ఏడును పది చేసి చెప్పమంటే మాత్రం నా దగ్గరికి రావద్దు.) ఆఫీసు వినినా వినకపోయినా, మనలో మేకలు పాలుకు ఇచ్చినవాళ్లు పైసలు పడ్డ రోజే మేపినవారి వంతు ఇచ్చేయాలి. "పెట్టుబడి నాది" అంటారా? తల్లిమేకల విషయంలో నిజమే. పిల్లల విషయంలో మాట ఇచ్చారు కదా.

ఆ యజమాని కూడా మన విశ్వాసే. ఆయనతో మాట్లాడాకే ఇది రాస్తున్నాను. "ఆలోచిస్తాను అయ్యగారూ" అన్నాడు. ఒక సంగతి దాచను. ఆ పైసల్లోంచి ఆయన కృతజ్ఞత కానుక కవరులో పెట్టి ఇచ్చాడు, నేను ప్రార్థన చేసి తీసుకున్నాను. ఆ అక్క నన్ను అడిగింది ఆ తర్వాతి రోజు. కవరు ఇంకా విప్పలేదు, నా బైబిలు సంచిలోనే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని తీసుకొని ఆయన ఇంటికి వెళ్తున్నాను. ప్రార్థన చేయండి.