ఇల్లు కదల్లేదు... చిరునామా మారింది!

2022 ఏప్రిల్ 4న విజయవాడలో ఏ ఇల్లూ అంగుళం కూడా కదల్లేదు. వీధి అదే, గుమ్మం అదే, పక్కన కృష్ణమ్మా అదే. కానీ ఆ రోజుతో ఊరు కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. కొత్త దరఖాస్తులో ఒక జిల్లా, పాత కార్డు మీద ఇంకో జిల్లా! మనిషి ఒక్కరే... కాగితాలే ఒకదాన్నొకటి గుర్తుపట్టవు.

కంప్యూటర్లకూ ఇదే తిప్పలు. ఆ మధ్య ఓ ఆదివారం పొద్దున్నే మా అక్క కొడుకు ఫోను. బెజవాడలో ఒక ఆసుపత్రి కంప్యూటర్లు వాడే చూసుకుంటాడు.

‘‘మావయ్యా, సర్వర్ పోయింది. మొత్తం కొత్తగా ఎక్కించేస్తున్నా!’’

‘‘ఆగరా బాబూ... రాత్రి ఏం మార్చావు?’’

‘‘ఏం లేదు. భద్రత కోసమని దాని ఐపీ అడ్రస్ వేరే వరుసలోకి మార్చానంతే.’’

ఆ ‘అంతే’లోనే ఉంది కథంతా.

ఇంతకీ ఆ సర్వర్ సంగతేంటంటే... అదొక అపార్ట్‌మెంట్ లాంటిది. ఒకే పెద్ద కంప్యూటర్లో రోగుల రికార్డులు, ల్యాబు, మందుల బిల్లులు ఎవరి ఫ్లాట్లో వాళ్లున్నట్టు విడివిడిగా నడుస్తుంటాయి. వీటినే వర్చువల్ మెషీన్లు అంటారు. భవనం పేరు హోస్ట్. వాడి దగ్గరున్నది వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ. ఇలాంటి భవనాల్ని ఒకేచోట కూర్చుని చూసుకునే మేనేజర్ వీసెంటర్. ‘నేను బాగానే ఉన్నా’ అంటూ హోస్ట్ ప్రతి 10 సెకన్లకోసారి మేనేజర్‌కి కబురు పంపుతుంది. 60 సెకన్లపాటు ఏ కబురూ అందకపోతే ఆయన ‘నాట్ రెస్పాండింగ్’ అని తెర మీద రాసేస్తాడు. మావాడు చూసింది ఆ మాటే.

‘‘ఓపీ కౌంటర్లో బిల్లులు వస్తున్నాయా?’’ అనడిగా. ‘‘వస్తున్నాయి.’’ ‘‘మరి సర్వర్ ఎక్కడ పోయిందిరా? మేనేజర్ పాత చిరునామాకి వెళ్లి తలుపు కొడుతున్నాడు, అంతే!’’

ఇలాంటప్పుడు ఏం చేయాలి? మొదట మేనేజర్‌ని పక్కన పెట్టి, కొత్త నంబరుతో నేరుగా హోస్ట్ పేజీ తెరిచి చూడాలి. తెరుచుకుందంటే భవనం భేషుగ్గా ఉన్నట్టే. తెరుచుకోకపోతే గేట్‌వే, సబ్‌నెట్ మాస్క్ కూడా కొత్త వరుసకు తగ్గట్టు మార్చారో లేదో సరిచూడాలి. ఆ తర్వాత ఫైర్‌వాల్. కబుర్లు వెళ్లేది 902 నంబరు పోర్టులోంచి. రెండు వరుసల మధ్య ఆ దారి మూసుకుపోకూడదు.

ఇక మేనేజర్ చిట్టా. అందులో హోస్ట్‌ని పేరుతో చేర్చి ఉంటే పని తేలిక. డీఎన్ఎస్‌లో ఆ పేరు ఎదుట కొత్త నంబరు రాసి, ‘కనెక్ట్’ నొక్కాలి. నంబరుతోనే చేర్చి ఉంటే, చిట్టాలోంచి తీసేసి కొత్త నంబరుతో మళ్లీ చేర్చాలి. చిట్టాలోంచి తీసినంత మాత్రాన లోపలి వర్చువల్ మెషీన్లు ఆగవు, చెరిగిపోవు. ఎవరెవరికి ఏ అనుమతులున్నాయో మాత్రం ముందే రాసిపెట్టుకోవాలి, అవి పోతాయి. మెషీన్ల మెనూలో ‘డిలీట్ ఫ్రమ్ డిస్క్’ అని ఇంకో మాట ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లొద్దు!

మావాడు చేయబోయిన పని అంతకన్నా ప్రమాదం. కొత్తగా ఎక్కించేటప్పుడు ‘డిస్కులో ఉన్నది ఉంచాలా, దానిమీదే రాసేయాలా?’ అని అడుగుతుంది. నిద్రలేని కళ్లతో రెండోది నొక్కితే రోగుల రికార్డులన్నీ హుళక్కే. చిరునామా తప్పిందని ఇల్లు కూల్చుకున్నట్టు!

పావుగంటలో తెర మీద హోస్ట్ మళ్లీ మామూలైంది. ‘‘హమ్మయ్య, అయిపోయింది మావయ్యా’’ అన్నాడు. ‘‘బ్యాకప్?’’ అన్నా. అవతల నిశ్శబ్దం. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా పాత నంబరే ఉంది. ఆ రాత్రి నకలు తయారయ్యేది కాదు. బిల్లులు ఆగితే కౌంటర్ దగ్గర గోల చేస్తారు. బ్యాకప్ ఆగితే గోల చేసేవాళ్లెవరు? అవసరం పడిన రోజున కానీ తెలియదు.

అందుకే చిరునామా మార్చేముందే ఒక కాగితం తీసుకుని, పాత నంబరు ఎక్కడెక్కడ రాసి ఉందో వరుసగా రాసుకోవాలి. మేనేజర్, డీఎన్ఎస్, ఫైర్‌వాల్, బ్యాకప్, ‘ఫలానా నంబరుకే అనుమతి’ అని పెట్టుకున్న స్టోరేజీ పెట్టె. మార్చాక ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావాలి.

ఇదంతా పక్కనుండి విన్న మా అక్క ఫోను లాక్కుంది. ‘‘ఒరేయ్, మా గ్యాస్ పుస్తకం మీద ఇంకా కృష్ణా జిల్లా అనే ఉందిరా. ఏమన్నా అవుతుందా?’’

‘‘సిలిండర్ వస్తోందా అక్కా?’’

‘‘ఆఁ, వస్తోంది.’’

‘‘అయితే కంగారేం లేదు. కానీ మార్చాల్సినవాటి కాగితంలో అదీ ఒకటి రాసిపెట్టుకో!’’